దిగబడ్డ ట్రాక్టరు.. వేడెక్కిన వైరు

ఎడ్లబండి దిగబడితే ఏం చేసేవాళ్లో బోధన్ వైపు పెద్దవాళ్లను అడగండి. ఉన్న జతకు ముందు మరో జత ఎడ్లను కట్టేవాళ్లు. చక్రాల కింద చెరకు చెత్త పరిచేవాళ్లు. నలుగురు చక్రాలు పట్టుకుని 'హైలెస్సా' అంటే బండి కదిలేది. నల్లరేగడిలో, వానలో, చెరకు మోపులతో నిండిన బండి దిగబడటం అప్పట్లో వింతేం కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ గానుగ ఆడినన్నాళ్లూ ఆ దారులన్నీ బండ్ల దారులే. 1930ల చివర్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గింది, వరి పెరిగింది. ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి.

దిగబడటం మాత్రం పోలేదు!

ఎడ్లబండికి మరో జత ఎడ్లు కట్టినట్టు ట్రాక్టరుకు మరో ట్రాక్టరు కడతారు. అదీ దిగబడితే మూడోది. చివరికి జేసీబీ. కానీ నాట్లు పడిన మళ్లలోంచి జేసీబీని ఎవరు రానిస్తారు? అందుకే రెండేళ్ల కిందట మా బామ్మర్ది ఒక ఉపాయం చేశాడు. వాళ్లది ఎడపల్లి దాటాక ఓ పల్లె. ఇంట్లో పాత మహీంద్రా జీపు ఉంది. దాని ముందు బంపరుకు ఒక కరెంటు వించ్ బిగించాడు.

వించ్ అంటే తెలుసుగా? మోటారుతో తిరిగే ఒక డ్రమ్ము. దాని చుట్టూ ఇనుప రోపు. బటన్ నొక్కితే రోపును చుట్టుకుంటూ అవతల కట్టినదాన్ని లాగేస్తుంది. అడవుల్లో, బురదల్లో జీపులు తోలే సరదా రాయుళ్లు తమ బండి ఇరుక్కుంటే బయటపడటానికి పెట్టుకుంటారు. మావాడు కొన్నది సెకండ్ హ్యాండుది. తొమ్మిదిన్నర వేల పౌండ్లు, అంటే మన లెక్కలో 4,300 కిలోల వరకు లాగుతుందని దానిమీద రాసి ఉంది. "నాలుగు టన్నులు బావా! రెండు టన్నుల ట్రాక్టరు ఓ లెక్కనా?" అన్నాడు. నేనూ తలూపాను. ఆ నాలుగు టన్నులు జీపు బ్యాటరీలోంచి ఎలా రావాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆగస్టులో ఓ సాయంత్రం ఫోన్ వచ్చింది. నిజాంసాగర్ కాలువ కింద పొలంలో కరిగెట చేస్తున్న ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడింది. మామూలుగా ఇలాంటప్పుడు డ్రైవర్లు చేసే పని ఒకటుంది. వెనక చక్రాలకు అడ్డంగా ఓ దుంగ కట్టి, గేరు వేసి, క్లచ్ వదులుతారు. చూడ్డానికి తెలివైన పనే. కానీ దుంగ బురదలో ఇరుక్కుని చక్రం తిరగనని మొరాయిస్తే ఇంజిను బలం ఎటు పోవాలి? చక్రం తిరగకపోతే ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి బోర్లా పడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు. దూకేంత వ్యవధి ఉండదు. దమ్ము చేస్తూ ట్రాక్టరు తిరగబడి డ్రైవరు మృతి అని ప్రతి నాట్ల కాలంలోనూ మన పేపర్లోనే చదువుతుంటాం. ఆ డ్రైవరు కుర్రాడు దుంగ వెతుకుతుంటే రైతు ఆపి మావాడిని పిలిచాడు. అదైతే మంచి పనే చేశాడు.

వెళ్లాం. జీపును గట్టు మీద నిలిపాం. ట్రాక్టరు జీపు కంటే బరువు. అది బయటికి రాకుండా జీపే మడిలోకి జారిపోవచ్చు. అందుకని జీపు వెనక భాగాన్ని వేపచెట్టుకు గొలుసుతో కట్టాం. రోపు తీసుకెళ్లి ట్రాక్టరుకు తగిలించాం. మావాడు బటన్ నొక్కాడు. రోపు బిగుసుకుంది. ట్రాక్టరు ఒక్క జానెడు కదిలింది. చుట్టూ చేరిన జనం ఈలలు వేశారు.

రెండో నిమిషంలో వాసన మొదలైంది. ప్లాస్టిక్ కాలిన వాసన. జీపు హెడ్‌లైట్లు చిమ్నీ దీపాల్లా కుంచించుకుపోయాయి. మోటారు మూలుగుతోంది. "కొంచెం.. ఇంకా కొంచెం" అంటూ మావాడు బటన్ వదల్లేదు. ట్రాక్టరు చివరికి గట్టెక్కింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. మావాడు బటన్ వదిలేశాడు.

వించ్ ఆగలేదు!

బటన్ మీద వేలు లేదు. డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉంది. అటు బ్రేకు తొక్కిన ట్రాక్టరు, ఇటు చెట్టుకు కట్టేసిన జీపు. మధ్యలో వీణ తీగలా బిగుసుకుంటున్న ఇనుప రోపు. అది తెగితే కొరడాలా ఎటు కొడుతుందో చెప్పలేం. రోపుకు పది అడుగుల దూరంలో పిల్లలు నిలబడి ఉన్నారు. ఎవరో ఇంజిను ఆపారు. ఏం లాభం? వించ్ నడిచేది బ్యాటరీతో. డ్రైవరు కుర్రాడికి తట్టింది, బ్రేకు వదిలేశాడు. ట్రాక్టరు మెల్లగా జీపు వైపు వస్తుంటే రోపు కాస్త సడలింది. ఆ సందులో మావాడు బానెట్ ఎత్తి, తడి గోనెసంచి చేతికి చుట్టుకుని బ్యాటరీ టెర్మినల్‌ను పీకేశాడు. అది సరిగా బిగించి ఉండకపోవడం మా అదృష్టం. అంటే ఒక తప్పు పనిని ఇంకో తప్పు పని కాపాడిందన్నమాట.

మర్నాడు నిజామాబాద్‌లో మెకానిక్ షెడ్ల వరుసకు వెళ్లాం. వైరింగ్ చేసిన షాపుకు కాదు. తెలిసినవాళ్లు చెప్పిన మరో షెడ్డుకు. అక్కడ ఓ చాచా నలభై ఏళ్లుగా బండ్ల కరెంటు పనే చేస్తున్నాడు. కరిగిన వైరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మా ఇద్దరినీ చూసి నవ్వాడు.

"బేటా, ఇది సెల్ఫ్ మోటర్ వైరు. సెల్ఫ్ ఎంతసేపు కొడ్తవు?"

"రెండు మూడు సెకన్లు చాచా."

"మరి వించ్ ఎంతసేపు కొట్టినవు?"

మావాడు నేల చూపులు చూశాడు.

ఆ ఒక్క ప్రశ్నలో అసలు సంగతంతా ఉంది. ఆ రోజు చాచా దగ్గర కూర్చుని టీ తాగుతూ నేర్చుకున్నది, ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నది కలిపి చెబుతాను. వించ్ లేనివాళ్లకూ ఇందులో పని ఉంది. బోరు మోటారు ఉన్నవాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది.

మన పొలాల్లో 5 హార్స్‌పవర్ బోరు మోటారు ఒక్కో ఫేజు మీద ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. పెద్ద వించ్ నిండు బరువు లాగేటప్పుడు చేసే పని అటూఇటూగా అంతే. తేడా అల్లా ఓల్టేజీలో. బోరుకు వచ్చేది 415 ఓల్టులు. జీపు బ్యాటరీ ఇచ్చేది 12 ఓల్టులు. ఓల్టేజీ తగ్గినకొద్దీ అదే పనికి కరెంటు ఎక్కువ పారాలి. ఎంత ఎక్కువంటే, నిండు బరువు మీద 400 ఆంపియర్లకు అటూఇటూ. మనింట్లో గీజరు ప్లగ్గు తట్టుకునేది 16 ఆంపియర్లు. అంటే పాతిక గీజర్ల ప్లగ్గుల్లో పారేంత కరెంటు బానెట్ కింద ఒక్క వైరులో వెళ్లాలి! షాక్ కొట్టదు కాబట్టి 12 ఓల్టులంటే మనకు లోకువ. షాక్ కొట్టకపోవచ్చు, కాలుస్తుంది.

ఇప్పుడు వైరు సంగతి. బ్యాటరీ నుంచి బంపరు దాకా వెళ్లే వైరు, తిరిగి వచ్చే వైరు కలిపి నాలుగు మీటర్లనుకోండి. అది 16 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరైతే 400 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.8 ఓల్టులు దారిలోనే పోతాయి. పోవడమంటే ఎక్కడికో కాదు, వేడిగా మారతాయి. 700 వాట్లకు పైనే! అంటే బానెట్ కింద ఓ ఇస్త్రీ పెట్టెను ఆన్ చేసి వదిలేసినట్టు. అదే 35 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే నష్టం 0.8 ఓల్టుకు తగ్గుతుంది, వేడి సగానికి పైగా పడిపోతుంది. 70 వేస్తే మరో సగం. రాగి బదులు అల్యూమినియం వేస్తే, లేదా పైన లావుగా రబ్బరు ఉండి లోపల సన్నటి తీగలున్న చవక వైరు వేస్తే ఈ లెక్కలన్నీ తలకిందులు. చాచా మాకు వెల్డింగ్ మిషను కేబుల్ చూపించాడు. లోపల జుట్టులాంటి రాగి పోగులు వందల కొద్దీ ఉంటాయి. వంచితే వంగుతుంది, బండి అదురుకు విరగదు. "పైన తోలు చూడకు, లోపల రాగి చూడు" అన్నాడు. కూరగాయల బజారులో వంకాయ కొనేటప్పుడు మా అమ్మ కూడా అలాంటి మాటే అంటుంది లెండి.

మరి వించ్ ఆగకపోవడం ఏమిటి? అదీ ఈ సన్న వైరు పుణ్యమే. మన చేతిలో బటన్ 400 ఆంపియర్లను ఆపలేదు. అది ఒక చిన్న పెట్టెలో ఉండే సాలినాయిడ్లకు సైగ మాత్రం చేస్తుంది. లోపల అయస్కాంతం రాగి బిళ్లను లాగి గట్టిగా అదిమితే కరెంటు మోటారుకు పోతుంది. వైరులో ఓల్టేజీ చచ్చిపోతే ఆ అయస్కాంతానికి పట్టు ఉండదు. బిళ్ల అదురుతుంది, నిప్పు రవ్వలు వస్తాయి, రాగి కరిగి అతుక్కుపోతుంది. అక్షరాలా వెల్డింగే. ఇక బటన్ వదిలినా, వైరు తెంపినా అది ఊడదు. లో ఓల్టేజీలో బోరు స్టార్టరు 'టకటకటక'మని కొట్టుకోవడం విన్నారుగా? అదే జబ్బు.

అందుకే చాచా మొదట చేసిన పని వైరు మార్చడం కాదు. బ్యాటరీ పక్కనే ఓ కటాఫ్ స్విచ్ పెట్టాడు. ఎర్ర పిడి, పావు వంతు తిప్పితే చాలు, వించ్‌కు వెళ్లే కరెంటు పూర్తిగా బంద్. చాలా వించ్ కిట్లలో ఫ్యూజు ఉండదు. అంటే బంపరు దాకా వెళ్లే ఆ లావు వైరు, బండి తాళం తీసేసినా, ఇంట్లో పెట్టేసినా, రాత్రీ పగలూ కరెంటుతోనే ఉంటుంది. ఎక్కడైనా రేకు అంచుకు రాసుకుని తొడుగు చిరిగిందా, బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ చోటే నిప్పై దూకుతుంది. పోర్టికోలో పెట్టిన బండి తెల్లారేసరికి బూడిదవ్వచ్చు. పక్కనే మోటారు సైకిలు, పైన పిల్లలు పడుకున్న గది.. చెప్పక్కర్లేదు కదా. వించ్ పని అయిపోగానే పిడి తిప్పేయాలి. ఈ ఒక్కటీ గుర్తుంచుకున్నా ఈ వారం కాలమ్ చదివిన ఫలితం దక్కినట్టే.

తర్వాత వైరు దారి. సైలెన్సరు పైపుకు, రేడియేటరు ఫ్యానుకు, స్టీరింగు రాడ్‌కు దూరంగా. రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు వాషరు. మొత్తం పొడవునా ముడతల ప్లాస్టిక్ గొట్టం. లగ్గులను సుత్తితో కొట్టి బిగించడం చాచాకు నచ్చదు. హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కాడు. సీసం పోసి అతికిస్తే పోదా అని అడిగాను. "వేడైతె సీసం కరుగుతది, లగ్గు ఊడుతది. అప్పుడు నువ్వు మళ్ల గోనెసంచి తెచ్చుకో" అన్నాడు. మా కథ అప్పటికే షెడ్డంతా పాకిపోయింది!

ఎర్త్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నెగటివ్ వైరును బంపరు బోల్టుకు బిగించేసి చేతులు దులుపుకుంటారు. బల్బుకైతే అది చాలు. 400 ఆంపియర్లు వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి కదా! మధ్యలో పెయింటు, తుప్పు, లూజు బోల్టు ఉంటే అక్కడే వేడి. అందుకే పాజిటివ్ ఎంత లావో నెగటివ్ అంత లావు వైరు వేసి, వించ్ మోటారు నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చాడు. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు మొదట నెగటివ్, బిగించేటప్పుడు ఆఖరున నెగటివ్. పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే ఏమవుతుందో చాచా తన పాత పానా ఒకటి చూపించాడు. మధ్యలో ఎలక కొరికినట్టు ఓ గుంట.

మోటారు మీద ఎ, ఎఫ్1, ఎఫ్2 అని మూడు బోల్టులుంటాయి. చివరి రెండింటికీ వైర్లు అటుదిటు, ఇటుదటు అయితే డ్రమ్ము తిరగేసి తిరుగుతుంది. లోపలికి బటన్ నొక్కితే రోపు బయటికి వస్తుంది. అందుకే ముందు రోపుకు ఏమీ కట్టకుండా తిప్పి చూసుకోవాలి.

ఇంత చేశాక మావాడు "ఇక ఎంతసేపైనా లాగొచ్చా చాచా?" అన్నాడు. చాచా అతని కేసి జాలిగా చూశాడు. 400 ఆంపియర్లతో ఒక్క నిమిషం లాగితే బ్యాటరీలోంచి ఆరేడు ఆంపియర్ అవర్లు ఖర్చు. 60 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఉన్న బండి దాన్ని తిరిగి నింపడానికి, తన శక్తినంతా పెట్టినా, ఏడు నిమిషాలు పడుతుంది. పాత జీపుల్లో ఆల్టర్నేటర్లు ఇంకా చిన్నవి. కాబట్టి ఇంజిను నడుస్తూ ఉండాలి. కాసేపు లాగాలి, ఎక్కువసేపు ఆగాలి. మోటారు మీద చెయ్యి పెట్టి చూడాలి. ట్రాక్టరు ముందు పార పట్టుకుని చక్రాల ముందు బురద తీసేస్తే సగం బరువు అక్కడే పోతుంది. ఈ పని చేయడానికి ఎవరికీ ఓపిక ఉండదు, బటన్ ఉంది కదా అని.

చాచా చెప్పిన ఇంకో చిట్కా నాకు మరీ నచ్చింది. ఒక కప్పీ. బావిలో నీళ్లు తోడే గిలకలాంటిదే, కాస్త బలమైనది. దాన్ని ట్రాక్టరుకు తగిలించి, రోపును దాని చుట్టూ తిప్పి కొసను మళ్లీ గట్టు మీది చెట్టుకు కట్టాలి. లాగే వేగం సగమవుతుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది. వించ్ మీద బరువు సగమే కనుక కరెంటూ దాదాపు సగమే. కరెంటు సగమైతే వైరులో పుట్టే వేడి సగం కాదు, పావు వంతు! పైగా రోపు ఎక్కువ బయటికి వస్తుంది కాబట్టి డ్రమ్ము మీద చుట్లు తగ్గుతాయి. వించ్ మీద రాసిన ఆ 4,300 కిలోలు డ్రమ్ము మొదటి వరుస చుట్టు మీద ఉన్నప్పటి లెక్క. చుట్లు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. అలాగని పూర్తిగా విప్పేయకూడదు. కనీసం ఐదు చుట్లు డ్రమ్ము మీద మిగలాలి.

దూరంగా గట్టి నేల మీద నిలబడి తాడుతో లాగడమన్నది కొత్త ఆలోచనేం కాదు. 1850ల్లో ఇంగ్లండులో జాన్ ఫౌలర్ అనే ఆయన ఆవిరి ఇంజిన్లతో దుక్కి దున్నించాడు. ఇంజిన్లు బరువైనవి, పొలంలోకి దిగితే కూరుకుపోతాయి. అందుకని తర్వాతి రోజుల్లో పొలానికి అటొకటి ఇటొకటి గట్ల మీద నిలిపి, మధ్యలో నాగలిని ఇనుప తాడుతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగించేవారు. మన ట్రాక్టరు పొలంలోకి దిగి దిగబడుతోంది, ఆయన ఇంజిను దిగకుండానే పని కానిచ్చింది!

వించ్ మీద ముచ్చటపడే కుర్రాళ్లకు ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు రూపును ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. బంపరు ముందు తగిలించే బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని 2017లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది కూడా. వించ్ కోసం బంపరు కోసి ఇనుప చట్రం వెల్డింగ్ చేయించే ముందు రవాణా కార్యాలయంలో అడగండి. మావాడు అడిగి, ముందుకు పొడుచుకొచ్చిన చట్రాన్ని తీయించేశాడు. ఇప్పుడు వించ్ జీపుకు లేదు. ట్రాక్టరు ట్రాలీకి పనికిరాని పాత ఛాసిస్ ముక్క మీద బిగించి, దాని బ్యాటరీ దానికే పెట్టి, అవసరమైనచోట చెట్టు మొదట్లో కట్టేస్తున్నాడు. బ్యాటరీకి వించ్‌కు మధ్య దూరం ఇప్పుడు రెండడుగులు. వైరు ఎంత పొట్టిదైతే అంత మంచిదని చాచా అంటే, మావాడు దాన్ని మరీ మనసుకు తీసుకున్నాడు.

పోయిన నాట్లకు మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి నేనూ పార పట్టాను. రోపు మీద మధ్యలో తడి గోనెసంచి వేశాం. తెగినా ఎగరకుండా బరువు ఉంటుందట. ఊరి పిల్లలందరినీ కాలువ అవతలికి తోలాం. వాళ్లకు ఒళ్లు మండింది, "ఏం కనిపిస్తలేదు అన్నా" అని అక్కడి నుంచే అరుస్తున్నారు. అర నిమిషం లాగడం, నాలుగైదు నిమిషాలు ఆగడం. ముప్పావు గంట పట్టింది. ఈలలు లేవు, చప్పట్లు లేవు. ట్రాక్టరు గట్టెక్కేసరికి చూసేవాళ్లు సగం మంది విసుగొచ్చి ఇళ్లకు వెళ్లిపోయారు. మావాడు ముందు ఎర్ర పిడి తిప్పాడు, తర్వాత వైరు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"గోరువెచ్చగ ఉంది బావా" అన్నాడు.